చందా కట్టాలా వద్దా అని అడిగేవాళ్ళకి: 6 ఏళ్ళుగా నేను చూసిన మా లాడాల సంఘం

ప్రతి ఏడూ సభ్యత్వం రెన్యువల్ టైమ్ రాగానే, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, సంఘానికి చందా కడితే మనకొచ్చేదేంటి?" అని అడుగుతారు. నేను రెండు ముక్కల్లో ఏదో చెప్పి పెట్టేస్తుంటాను గానీ, ప్రతిసారీ సగం చెప్పి సగం మింగేసినట్టు ఉంటుంది. అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను. గుర్రాలకి లాడాలు కొట్టే పనిలో నాకు 14 ఏళ్ళు, మా ప్రాంతీయ సంఘంలో సభ్యుడిగా 6 ఏళ్ళు. అందులో 2 ఏళ్ళు కార్యవర్గంలో కూడా ఉన్నాను, కాబట్టి చందా కట్టిన చెయ్యీ నాదే, రసీదు రాసిన చెయ్యీ నాదే. సంఘం పేరు మాత్రం రాయను. ఇందులో నేను చెప్పే మంచీ చెడూ రెండూ ఏ ప్రాంతం సంఘంలోనైనా ఎదురయ్యేవే.

ముందే చెప్పేస్తాను, కట్టండి. కానీ దేనికోసం కడుతున్నారో తెలుసుకుని కట్టండి. ఎందుకంటే మా సంఘం కొన్ని పనులు చాలా బాగా చేస్తుంది, కొన్ని దారుణంగా చేస్తుంది, ఆ దారుణంగా చేసినవాటిలో రెండు నా నెత్తిమీదే పడ్డాయి.

మన పనిలో పెద్ద చిక్కు ఒకటుంది, మన తప్పు మనకి కనబడదు. గుర్రం కింద వంగి పనిచేసేది మనం ఒక్కళ్ళమే. పక్కన నిలబడేది గుర్రం యజమాని, ఆయనకి గిట్ట నున్నగా కనబడి గుర్రం కుంటకుండా నడిస్తే చాలు, డబ్బులిచ్చి పంపేస్తాడు. గిట్ట నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, 6 నుంచి 8 వారాలకోసారి లాడం విప్పి గిట్ట చెక్కి మళ్ళీ కొడతాం, గిట్ట ముందు గోడ, అంటే బయటి గట్టి పొర, పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తది రావాలంటే దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఈరోజు నేను ఒక పక్క మడమ 2 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలేస్తే దాని ఫలితం ఈరోజు తెలియదు, వచ్చే వారమూ తెలియదు. అదే తప్పు ఐదారు సార్లు చేశాక గిట్ట ఒక పక్కకి వాలిపోయి, ఇంకో పక్క విచ్చుకుపోయి తయారవుతుంది. అప్పటికి ఆ గుర్రం గిట్టలు పుట్టుకతోనే అంతే అని యజమానీ నేనూ ఇద్దరం నమ్మేసి ఉంటాం. 500 కిలోల జంతువు తన బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ళ మీదే మోస్తుంది, ఆ కాళ్ళ కింద మన పని ఉంటుంది, ఆ పనిని తెలిసినవాడు ఇంకొకడు చూసే అవకాశమే ఉండదు. ఏళ్ళ తరబడి ఉండదు.

సంఘం ఉండాల్సింది దీనికోసం. మిగతావన్నీ దీని తర్వాతే.

మా సంఘంలో ఏడాదికి నాలుగు సార్లు ఒక రోజు పెడతారు, మేం దాన్ని కొలిమి రోజు అంటాం. అందరం ఒక చోట చేరి, కొలిములు వెలిగించి, ఒకరి ముందు ఒకరం పనిచేస్తాం. నేను చేరిన మొదటి ఏడాదే నా రెగ్యులర్ గుర్రాల్లో రెండింటిని యజమానుల్ని ఒప్పించి అక్కడికి పట్టుకెళ్ళాను, నిజానికి నా పని నలుగురికీ చూపించాలనే సంబరంతోనే. ఒక పెద్దాయన వచ్చి మొదటి గుర్రం నాలుగు కాళ్ళూ ఎత్తి చూశారు, ఏమీ అనలేదు. రెండో దాని ఎడమ ముందు కాలు ఎత్తి, గిట్ట అడుగుకి కొలబద్ద ఆనించి చాలాసేపు చూసి, "నాన్నా, నీది కుడిచేతి వాటమా?" అన్నారు. అవునన్నాను. "ఆకురాయి తోసేటప్పుడు చివర్లో నీ చెయ్యి ఒక పక్కకి నొక్కుతోంది. చూడు, రెండు గుర్రాల ఎడమ గిట్టా ఒకే పక్క తగ్గింది. గుర్రాలు వేరు, తగ్గిన చోటు ఒకటే. ఇది గుర్రం గిట్ట కాదు, నీ చెయ్యి," అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి 8 ఏళ్ళుగా పనిచేస్తున్నాను, ఎన్ని ఎడమ కాళ్ళు నా చేతుల్లోంచి వెళ్ళాయో లెక్కేసుకుంటూ పడుకున్నాను. మర్నాటి నుంచి నా దగ్గరకొచ్చే ప్రతి గుర్రానికీ ఎడమ గిట్ట అడుగు భాగం ఫొటో తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఒకేసారి సరిచేయకూడదు, కీళ్ళకీ నరాలకీ ఆ వాలు అలవాటై ఉంటుంది, అందుకని ప్రతి విడతలో కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాను. పూర్తిగా దారిలో పడడానికి ఏడాది పైనే పట్టింది. ఆ పెద్దాయన ఆ ఒక్క మాట అనకపోతే నేను ఇప్పటికీ అలాగే కొడుతూ ఉండేవాణ్ణి. నేను కట్టిన 6 ఏళ్ళ చందా ఆ ఒక్క పూటకే సరిపోయింది, ఈ మాట ఎవరడిగినా చెబుతాను.

అయితే కొలిమి రోజులన్నీ ఇలా ఉండవు. రెండో ఏడాది కార్యవర్గం ఒక పేరున్న నిపుణుణ్ణి పిలిపించింది, ఆ ఏడాది శిక్షణకని పక్కన పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఆయన ప్రయాణానికీ బసకీ అయిపోయింది. ఆయన పని గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ ఒకే గుర్రం, ఒకే కొలిమి, చుట్టూ 60 మంది. నేను మూడో వరసలో నిలబడి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆయన వీపు చూశాను. ఒక్కరి చేతికీ సుత్తి అందలేదు. భోజనాల దగ్గర అందరూ బాగుందనే అన్నారు, ఎవరి నోటా అసలు మాట రాలేదు, చివరికి ఒక అమ్మాయి, అప్పుడే నేర్చుకుంటోంది, "నాకేమీ కనబడలేదండీ" అని కార్యదర్శి గారి ముందే అంది. ఆ మాటే పనిచేసింది. ఆ తర్వాతి ఏడాది నుంచి 24 మందికి మించి తీసుకోకూడదని పెట్టారు. నాలుగు కొలిములు, ఒక్కో కొలిమికి ఆరుగురు, ఒక్కో గుంపుకి ఒక సీనియర్. పొద్దున చనిపోయిన గుర్రాల కాళ్ళ మీద కోసి చూసి నేర్చుకోవడం, మధ్యాహ్నం నుంచి బతికున్న గుర్రాల మీద పని.

పొద్దుటి భాగం చాలామందికి ఇష్టం ఉండదు, వాసన వస్తుందని పక్కకి పోతారు. నేనైతే అదే అసలైనది అంటాను. గిట్టని నిలువునా కోసి చూస్తేగానీ లోపలి ఎముక గోడకి ఎంత దగ్గరగా ఉందో, తెల్ల గీతకి (గిట్ట గోడా అడుగూ కలిసే చోటు) లోపలి పక్కనే కండ ఎక్కడ మొదలవుతుందో, మనం కొట్టిన మేకు ఏ దారిలో వెళ్ళిందో కళ్ళకి కట్టదు. గిట్ట బాగా వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి మేకులు కొట్టకూడదని అందరికీ నోటికొచ్చు, మడమలు బరువు పడ్డప్పుడు కొంచెం విచ్చుకోవాలి కాబట్టి. కానీ ఎందుకు విచ్చుకోవాలో, లోపల మెత్తటి భాగాలు ఎలా పనిచేస్తాయో నాకు అర్థమైంది ఆ బల్ల దగ్గరే.

ఇలాంటి రోజు పెట్టాలంటే వెనక ఎంత పనుంటుందో కార్యవర్గంలోకి వెళ్ళాకే తెలిసింది. చదునైన, జారని, పొడి నేల కావాలి. పైన కప్పు ఉండాలి, కానీ గాలి బాగా ఆడాలి, ఎందుకంటే నాలుగు గ్యాస్ కొలిములు ఒకేసారి మండుతుంటాయి, దానికి తోడు వేడి లాడం గిట్టకి ఆనించినప్పుడు వచ్చే పొగ. గుర్రాలు నెమ్మదైనవి అయ్యుండాలి, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, చివరిసారి లాడం ఎప్పుడు కొట్టారో, కుంటు చరిత్ర ఏమైనా ఉందో ముందే చెప్పాలి. సాధన కోసమని ఎవరో ఒకరు పాత ఇనప ముక్కలు తెస్తారు, వాటిలో జింక్ పూత ఉన్నవి ఉంటే కొలిమిలో పెట్టనివ్వకూడదు, ఆ పొగ పీలిస్తే జ్వరం వచ్చి పడిపోతారు. ఇదంతా చూసుకునేది జీతం తీసుకోని ఇద్దరు ముగ్గురు మనుషులు, అదీ రోజంతా వంగి పనిచేసి ఇంటికొచ్చాక.

ఇక పరీక్షల సంగతి. ఈ పనికి లైసెన్సు ఉండాలా వద్దా అనేది దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 1975లో ఫారియర్ల, అంటే లాడాలు కొట్టేవాళ్ళ, రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, నైపుణ్యం లేనివాళ్ళు లాడాలు కొట్టడం వల్ల గుర్రాలు బాధపడకూడదని ఆ చట్టం మొదట్లోనే రాసుంది. అక్కడ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్ళు, పశువైద్యుల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఈ పని చేయకూడదు. అక్కడ లండన్ ఫారియర్ల సంఘం 1356 నుంచీ ఉంది, అంతటి పాత సంఘం పేరుమీదే ఇప్పటికీ డిప్లొమా ఇస్తారు. అమెరికాలో అలాంటి చట్టం లేదు, 1971లో ఏర్పడిన అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ పెట్టే పరీక్షలు ఎవరిష్టం వాళ్ళది, పాసైనవాళ్ళకి మెట్లు మెట్లుగా సర్టిఫికెట్లు వస్తాయి. చట్టం అడగని చోట సుత్తి కొనుక్కున్న ప్రతివాడూ రేపటినుంచి గుర్రం కాలు పట్టుకోవచ్చు. అలాంటి చోట సంఘం పెట్టే పరీక్ష ఒక్కటే యజమానికి ఆధారం, కాబట్టి దాని విలువ మనమే కాపాడుకోవాలి.

మా సంఘం పరీక్షలో మూడు భాగాలు: రాత పరీక్ష, ఇనప కడ్డీ నుంచి లాడం చేసి చూపించడం, బతికున్న గుర్రానికి టైమ్ లోపల లాడాలు కొట్టడం. మొదటిసారి నేను ఫెయిలయ్యాను. మేకులన్నీ ఒకే ఎత్తులో వరసగా వచ్చాయి, నాకే ముచ్చటేసింది, కానీ లాడం మడమ దగ్గర పొట్టిగా వదిలేశాను, వెనక భాగానికి ఆధారం లేదు. పరీక్షకుడు ఆ సంగతి కాగితం మీద బొమ్మ గీసి మరీ రాసిచ్చారు, ఏ కాలు, ఏ పక్క, ఎంత తక్కువ అన్నది. ఫెయిలైన కాగితం అంత ఉపయోగపడుతుందని నేననుకోలేదు, ఆ కాగితం ఇప్పటికీ నా బండిలోనే ఉంటుంది. రెండోసారి పాసయ్యాను.

కడ్డీ నుంచి లాడం చేయడం పరీక్షలో ఎందుకు, ఇప్పుడంతా రెడీమేడ్ లాడాలే కదా అని కుర్రాళ్ళు ప్రతి సర్వసభ్య సమావేశంలో గొడవ పెడతారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. మెషీన్ లాడాలు నిన్న మొన్న వచ్చినవి కావు, అమెరికాలో హెన్రీ బర్డెన్ లాడాలు చేసే మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నది 1835లో. కానీ మెషీన్ చేసిన లాడానికి తగ్గట్టు గిట్ట ఉండదు, గిట్టకి తగ్గట్టు లాడాన్ని మనం మార్చాలి. కడ్డీ నుంచి చేయడం వచ్చినవాడికి ఇనుము ఎక్కడ ఎలా కదులుతుందో తెలుస్తుంది, రాని వాడు చివరికి లాడాన్ని వదిలేసి గిట్టని లాడానికి తగ్గట్టు చెక్కేస్తాడు. ఈ విషయంలో కార్యవర్గం ఎంత ఒత్తిడి వచ్చినా వెనక్కి తగ్గలేదు, వాళ్ళకి నా పూర్తి మార్కులు.

పరీక్షల్లో నాకు నచ్చనిది వేరే ఉంది. నేర్పినవాళ్ళే పరీక్ష చేసేవాళ్ళు. చిన్న ప్రాంతం, సీనియర్లు నలుగురైదుగురు, ప్రతి కుర్రాడూ వాళ్ళలో ఎవరో ఒకరి దగ్గర నేర్చుకున్నవాడే. పక్షపాతం చూపించారని నేననను, చూపించలేదని బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? నేను కార్యవర్గంలో ఉన్నప్పుడు పక్క ప్రాంతం సంఘంతో మాట్లాడి పరీక్షకుల్ని మార్చుకునే పద్ధతి పెట్టాలని పట్టుబట్టాను. ఖర్చు పెరుగుతుందని కొందరు అడ్డం చెప్పారు. చివరికి ఏడాదికి ఒక పరీక్షకైనా బయటివాళ్ళు రావాలని తీర్మానం అయింది. ఆ మొదటి పరీక్షలో ఎప్పటికన్నా ఎక్కువ మంది ఫెయిలయ్యారు, అందరూ నా మీద కోపంగా చూశారు. అయినా అది జరగాల్సిందే.

ఇప్పుడు నాకు జరిగిన వాటి దగ్గరికి వస్తాను. మూడో ఏడాదిలో నేను లాడాలు కొట్టిన ఒక గుర్రం రెండు రోజుల తర్వాత కుంటడం మొదలుపెట్టింది. మేకు నేరుగా కండలోకి దిగితే అప్పుడే తెలుస్తుంది, గుర్రం కాలు లాగేస్తుంది. కండని తగలకుండా దాని పక్కనే దిగి లోపల్నుంచి నొక్కుతుంటే మాత్రం ఒకట్రెండు రోజులకి బయటపడుతుంది. అదే అయ్యుండొచ్చని నేను వెంటనే వెళ్ళి ఒక్కో మేకూ విప్పి చూస్తానన్నాను, యజమాని నన్ను రానివ్వలేదు, సంఘానికి ఫిర్యాదు రాశాడు. రాయడం ఆయన హక్కు. సంఘం ఏం చేసిందంటే, ఏమీ చేయలేదు. ఫిర్యాదు అందిందని ఆయనకి ఒక ఉత్తరం లేదు, నాకు ఒక ఫోన్ లేదు. 11 వారాలు. ఆ 11 వారాల్లో ఆ మనిషి తన స్నేహితులందరికీ నా గురించి చెప్పాడు, రెండు గుర్రపు శాలలు నన్ను రావద్దన్నాయి, నేను ప్రతి మేకు కొట్టేటప్పుడూ టెన్షన్‌తో చెవి పెట్టి వింటూ పనిచేశాను. తీరా చూస్తే కుంటు మొదలైన వారంలోపే పశువైద్యుడు వేరే కారణం కనిపెట్టాడట, కాలి పైభాగంలో ఎప్పటిదో దెబ్బ. ఆ రిపోర్టు మొదటి నెలలోనే అడిగి ఉంటే అయిపోయేది. సంఘంలో ఎవరికీ ఫిర్యాదు వస్తే ఏం చేయాలో తెలియదు, నియమావళిలో ఆ పేజీయే లేదు.

అందుకే కార్యవర్గంలోకి వెళ్ళినప్పుడు నేను మొదట రాయించింది ఆ పేజీనే. ఫిర్యాదు వచ్చిన 3 రోజుల్లో ఇద్దరికీ తెలియజేయాలి. ఫొటోలూ, లాడం కొట్టిన తేదీ, పశువైద్యుడి రిపోర్టూ రెండు వారాల్లో తెప్పించుకోవాలి. చూసే ఇద్దరిలో ఒకరు ఆ సభ్యుడితో గానీ ఆ యజమానితో గానీ ఏ సంబంధం లేనివాళ్ళు అయ్యుండాలి. తేల్చిన మాట రాతపూర్వకంగా ఇవ్వాలి, సభ్యుడిది తప్పని తేలితే ఏం నేర్చుకోవాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో అందులో ఉండాలి. ఇది ఇప్పుడు నడుస్తోంది, నేను చూసినంతలో బాగానే నడుస్తోంది. సభ్యుణ్ణి వెనకేసుకు రావడానికే సంఘం అనుకునేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. సంఘం గుర్రం పక్షాన ఉంటేనే యజమానులు మనల్ని నమ్ముతారు.

రెండోది ఇంకా భయపెట్టింది. మా కార్యదర్శి గారు మంచి మనిషి, ఏళ్ళ తరబడి సంఘాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చారు. సభ్యుల జాబితా ఆయన ఫోన్లో, చందాల లెక్క ఆయన నోట్‌బుక్కులో, గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితాలు ఆయన బండి డాష్‌బోర్డులో. ఒకరోజు గుర్రం తన్ని ఆయన తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఉన్న మనిషిని ఎవరు అడుగుతారు? మాకెవరికీ ఇన్సూరెన్స్ రెన్యువల్ తేదీ కూడా తెలియదు. అది దాటిపోయింది. 10 రోజులపాటు సంఘంలో ఉన్న ప్రతి ఒక్కళ్ళం ఏ పాలసీ లేకుండా గుర్రాల కింద పనిచేశాం, ఆ సంగతి మాకు తెలియదు కూడా. మామూలు పాలసీల్లో మన చేతిలో ఉన్న జంతువుకి జరిగే నష్టాన్ని చాలాసార్లు కలపరు, సంఘం తరఫున తీసుకునే పాలసీలో అది కలిపి ఉంటుందనే సగం మంది చందా కడతారు. ఆ 10 రోజుల్లో నేను ఒక పందెపు గుర్రానికి అల్యూమినియం లాడాలు కొట్టాను. దానికి ఏమైనా అయ్యుంటే నేను ఇల్లు అమ్ముకున్నా తీరేది కాదు. సంగతి తెలిసిన రోజు నా చేతులు వణికాయి.

కార్యదర్శి గారిని నేను తప్పుపట్టను, ఒక్క మనిషి మీద అంతా వదిలేసిన మేమందరం కలిసి చేసిన తప్పది. ఆయన కోలుకుని వచ్చాక ఆయనే ముందుండి మార్చారు. ఇప్పుడు జాబితా ముగ్గురి దగ్గర ఉంటుంది, బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలు కావాలి, ఇన్సూరెన్స్ గడువు దాటకముందే, దాటడానికి 60 రోజులు, 30 రోజులు, 7 రోజులు ఉందనగా అందరికీ మెసేజ్ వస్తుంది. మీరు ఏ సంఘంలో చేరుతున్నా సరే, చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీ కార్యదర్శి గారు రేపు మంచం పడితే సభ్యుల జాబితా ఎవరి దగ్గర ఉంటుంది?" వెంటనే జవాబు రాకపోతే ఇన్సూరెన్స్ మీ సొంతది తీసుకోండి.

రేట్ల గురించి కూడా అడుగుతారు, సంఘం అందరికీ కలిపి ఒక రేటు పెట్టొచ్చు కదా అని. పెట్టకూడదు. ఒకే పని చేసే వ్యాపారులు కూర్చుని ధర ఖాయం చేసుకోవడం చాలా దేశాల్లో పోటీ చట్టాల కింద నేరం, సంఘం పేరుతో చేసినా అంతే. మా కోశాధికారి గారు దానికి బదులు ఒక మంచి పని చేశారు. ఒక్కో గుర్రానికి ఇనుము ఎంత, మేకులు ఎన్ని, గ్యాస్ ఎంత, ఆకురాయి ఎన్ని గుర్రాలకి అరుగుతుంది, బండి ఎంత దూరం తిరిగింది, ఇవన్నీ రాసుకునే ఒక కాగితం తయారుచేసి అందరికీ ఇచ్చారు. మీ ఖర్చు మీరే లెక్కేసుకోండి, రేటు మీరే పెట్టుకోండి అన్నారు. అది నింపాక నాలాంటి ముగ్గురం ఇన్నాళ్ళూ దూరపు గుర్రాలకి నష్టానికే వెళ్తున్నామని తెలిసింది.

పశువైద్యులతో కలిసి పెట్టే రోజు ఏడాదికొక్కటే, అది చాలదు. గిట్ట లోపల వాపు వచ్చి ఎముక కిందకి తిరిగిన గుర్రం ఎక్స్‌రేని డాక్టరూ మనమూ పక్కపక్కన నిలబడి చూసి, ఎక్కడ చెక్కాలి, ఏ లాడం వేయాలి అని మాట్లాడుకుంటే ఆ గుర్రానికి దక్కే మేలు వేరు. పోయినసారి ఒక డాక్టర్ గారు "మీరు ముందే చెప్పి ఉంటే నేను ఎక్స్‌రే ఇంకో కోణంలో తీసేవాణ్ణి" అన్నారు. అంటే ఆయనకీ మనతో మాట్లాడే దారి లేదన్నమాట. దీన్ని రెండుసార్లు చేయమని రెండేళ్ళుగా అడుగుతున్నాను, తేదీలు కుదరడం లేదంటున్నారు. ఇంకో లోటు, నడుములు. ఈ పనిలో అందరి నడుమూ మోకాళ్ళూ ముందే పాడవుతాయి, ఎలా వంగాలి, కాలు ఎక్కడ ఆనించుకోవాలి, ఎప్పుడు గుర్రాన్ని వదిలేసి పక్కకి రావాలి అనేది నేర్పే ఒక్క పూట కూడా మా సంఘం ఇప్పటిదాకా పెట్టలేదు. 40 దాటినవాళ్ళు సగం మంది నడుం బెల్టు పెట్టుకుని వస్తుంటే అదెవరికీ కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మీరు ఒక్క సర్టిఫికెట్ కోసమో, గోడకి పెట్టుకునే బోర్డు కోసమో అయితే చేరకండి, మీ స్థానంలో వచ్చే ఇంకొకరికి ఆ ఆరుగురి గుంపులో చోటు దొరుకుతుంది. మీ పనిని ఇంకొకరు ఎత్తి చూస్తే తట్టుకోగలను అనుకుంటే మాత్రం ఈ ఏడాదే చేరండి, ఆలస్యం చేయకండి. పనిలోకొచ్చి రెండేళ్ళు కూడా కాకపోతే మరీ ముఖ్యం, ఎందుకంటే చేతి అలవాటు ఇంకా గట్టిపడి ఉండదు.

నేను మొన్ననే రెన్యువల్ చేయించాను. వచ్చే కొలిమి రోజుకి ఒక గుంపు నాకప్పగించారు, ఆరుగురిలో నలుగురు కొత్తవాళ్ళు. గుర్రాలు ఐదు ఖాయమయ్యాయి, ఇంకొకటి కావాలి, నెమ్మదైనది, చివరి లాడం కొట్టి 6 వారాలు దాటింది ఉంటే మంచిది. వచ్చేవాళ్ళు ఎవరి తోలు ఏప్రన్ వాళ్ళు తెచ్చుకోండి, కిందటిసారి నాలుగు తక్కువయ్యాయి. వీలైతే మీరు ఈమధ్య పనిచేసిన గుర్రాల గిట్టల ఫొటోలు, అడుగు భాగం కనబడేలా, కుడివీ ఎడమవీ రెండూ తీసి తీసుకురండి. మేం మొదట చూసేది వాటినే.